ఎలీశమ్మ చెప్పిన ఏడు కందిళ్ళ ఆట

ఎలీశమ్మకు వంట చేస్తూ మాట్లాడడం అలవాటు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఉన్న ఒక లేడీస్ హాస్టల్‌లో ఆమె వంటమనిషి. పొద్దున ఉప్మా కలుపుతున్నా, మధ్యాహ్నం పప్పుకు పోపు పెడుతున్నా ఎవరికో ఒకరికి ఏదో ఒకటి చెబుతూనే ఉండాలి. వినేవాళ్ళు దొరక్కపోతే ఉల్లిగడ్డలకైనా చెబుతుందని హాస్టల్ పిల్లలు నవ్వుకునేవారు.

ఆదివారం చర్చిలో చిన్నపిల్లలకు బైబిలు కథలు చెప్పే పని కూడా ఆమెదే. నోవహు ఓడ కథ ఎత్తుకుందంటే, అన్ని జంతువుల మధ్య నోవహు భార్య పొయ్యి ఎక్కడ పెట్టుకుంది, తడికట్టెలు అంటుకోక ఎంత అవస్థ పడింది, ఏనుగు తొండం చాచి రొట్టెలు ఎత్తుకుపోతే దాన్ని ఏమని తిట్టింది, అన్నీ వచ్చేవి. "అమ్మా, ఇవి వాక్యంలో లేవు గదా" అని పాస్టరుగారు ఒకసారి మెల్లగా అడిగారు.

"లేవయ్యగారూ. మరి వండకుంట అన్ని దినాలు ఎట్ల బతికిండ్రు?" అంది ఎలీశమ్మ.



ఆమె భర్త మత్తయి ఆర్టీసీ డ్రైవరు. ఇద్దరిదీ నకిరేకల్ దగ్గర ఊరు. పెళ్ళైన కొత్తల్లోనే పట్నం వచ్చి, కొత్తపేటలో మెయిన్ రోడ్డుకు దగ్గరగా రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. ఒక్కతే కూతురు, గ్రేస్. మత్తయి తక్కువ మాటల మనిషి. పొద్దంతా స్టీరింగ్ పట్టుకుని, జనం అరుపులు, హారన్లు విని వచ్చినవాడికి ఇంట్లో భార్య మాటలు వింటూ కూర్చోవడమే హాయిగా ఉండేది. ఆమె ఏం చెప్పినా "ఊఁ" కొట్టేవాడు. ఆ "ఊఁ"లో తేడాను బట్టి ఆయన వింటున్నాడో నిద్రపోతున్నాడో ఎలీశమ్మకు తెలిసేది.

గ్రేస్ చిన్నప్పుడు పుట్టినరోజుకు టీవీ గేమ్ కావాలని పేచీ పెట్టింది. మత్తయి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కాంప్లెక్స్ సెల్లార్‌లో ఉన్న బాపిరాజు దుకాణానికి వెళ్ళి కొన్నాడు. బాపిరాజుది భీమవరం దగ్గర పల్లె. సన్నగా, పొడుగ్గా, చెవి మీద ఎప్పుడూ ఒక చిన్న స్క్రూడ్రైవరు పెట్టుకుని ఉండేవాడు. మిషన్‌తోపాటు రెండు కాసెట్లు ఇచ్చాడు. ఒకటి విమానాలు పేల్చేది. రెండోదాని పేరు సెవెన్ లాంతర్న్స్, అంటే ఏడు కందిళ్ళు.

విమానాల కాసెట్ గ్రేస్ అరగదీసింది. రెండోది పెట్టిన పూటే విసుగొచ్చి పక్కన పడేసింది. దాన్లో పేల్చడం లేదు. పొగమంచు కమ్మేసిన ఒక దేశం. ఆ దేశంలో ఏడు ఊళ్ళ కందిళ్ళు ఆరిపోయాయి. ఒక చిన్న మనిషి ఊరూరూ నడిచి, కనిపించినవాళ్ళతో మాట్లాడి, దారి తెలుసుకుని, ఒక్కో కందిలి వెలిగించుకుంటూ పోవాలి. అంతే ఆట. కూతురు వదిలేసినదాన్ని మత్తయి చేతిలోకి తీసుకున్నాడు. ఇక వదల్లేదు.

"పొద్దుగూకేదాక బండి నడిపి వచ్చి, మళ్ళ ఇంట్ల గూడ ఊళ్ళు తిరుగుడేందయ్యా?" అని ఎలీశమ్మ దెప్పేది.

"గీడ ట్రాఫిక్ ఉండదే" అనేవాడు మత్తయి.

ఆ కాసెట్‌లో ఆటను దాచుకునే ఏర్పాటు పనిచేసేది కాదు. కరెంటు పోతే మళ్ళీ మొదటి ఊరి నుంచే నడవాలి. కొత్తపేటలో కరెంటు పోని రోజు ఉండేది కాదు. అందుకని మొదటి మూడు ఊళ్ళు మత్తయికి ఇంటి నుంచి డిపోకు పోయే దారికన్నా బాగా తెలుసు. ఏ ఊళ్ళో బావి ఎక్కడ, ఏ గోడ వెనక ఎవరు నిలబడతారు, ఏ చెట్టు దాటితే పడవ కనిపిస్తుంది, కళ్ళు మూసుకుని చెప్పేవాడు.

ఆట మధ్యలో ఒక నది వస్తుంది. పడవ నడిపే ముసలాయన ఆ చిన్న మనిషిని అవతలి ఒడ్డుకు చేర్చి, తన ఊరికి తిరిగి బయల్దేరతాడు. మంచులో పడవ కనపడకుండా పోతుంది. ముసలాయన మళ్ళీ ఎక్కడా రాడు. ఆట మొత్తం మీద మత్తయికి నచ్చిన మనిషి ఆయనే. జనాన్ని దింపి ఒంటరిగా డిపోకు మళ్ళే బండి గుర్తొస్తుందని బాపిరాజుతో ఒకసారి అన్నాడు. ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

కొన్నేళ్ళకు అదే ఆట కంప్యూటరుకు సీడీగా వచ్చింది. బాపిరాజు కబురు పెడితే మత్తయి డ్యూటీ దిగి తిన్నగా దుకాణానికి వెళ్ళాడు. ఇప్పుడు ఆకాశానికి రంగుంది, ఇళ్ళకు కిటికీలున్నాయి. పాత కాసెట్‌లో చింతగింజంత ఉన్న మనిషికి ఇప్పుడు మొహం వచ్చింది, రెండు జడలు వచ్చాయి.

"ఆడపిల్లనా!" అన్నాడు మత్తయి నోరు తెరిచి. "ఇన్నేండ్ల సంది పిలగాడనుకున్న గద తమ్మీ!"

బాపిరాజు పగలబడి నవ్వాడు. "మొదట్నుంచీ ఆడపిల్లేనండీ. మన టీవీకే కనపళ్ళేదు."

ఆ సాయంత్రమంతా ఇద్దరూ కూర్చుని ఆడారు. నది దగ్గరికి వచ్చేసరికి అక్కడ పడవ లేదు. రాతి వంతెన ఉంది. పిల్ల పరుగెత్తుకుంటూ దాటేసింది.

"ఆట తొందరగా అవ్వాలని కత్తిరించేశారండీ. బావుంది కదా, చకచకా పోతోంది" అన్నాడు బాపిరాజు.

"బ్రిడ్జి మంచిగనే కట్టిండ్రు. మరి ముసలాయన ఏం తిని బతకాలె?" అన్నాడు మత్తయి.

అప్పటినుంచి ఇద్దరికీ అది తెగని పంచాయితీ. పాతదాంట్లో పిల్ల నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి ఊరు ఊరులా ఉంటుందని మత్తయి అనేవాడు. నెమ్మదిగా నడవడం గొప్ప కాదండీ, ఆ రోజుల్లో మిషన్‌కు అంతే చేతనయ్యేదని బాపిరాజు. పాత పాటలో అయిదు స్వరాలే ఉన్నా ఇంటికొచ్చాక కూడా చెవిలో ఉంటుందని ఒకరు, కొత్తదాంట్లో వయొలిన్ వినండి అని ఒకరు. వీళ్ళ వాదన వినడానికి పక్క దుకాణాలవాళ్ళు టీ గ్లాసులతో వచ్చి నిలబడేవారు.

తరవాత మత్తయికి షుగరు కళ్ళలోకి వచ్చింది. ఒక సాయంత్రం ఎల్బీ నగర్ దగ్గర ఎదురుగా వచ్చే లైట్లన్నీ చెదిరిపోయి కనిపించాయి. బండిని మెల్లగా పక్కకు తీసి ఆపాడు. కండక్టరును పిలిచి, "నాతోని కాదు బిడ్డా, వేరే డ్రైవర్ని పంపుమని ఫోన్ చెయ్యి" అన్నాడు. ఆ రోజు దిగినవాడు మళ్ళీ స్టీరింగ్ పట్టలేదు. దవాఖానల చుట్టూ తిరిగారు. సూదులు వేశారు, ఆపరేషన్ చేశారు. చివరికి ఎడమ కంటికి వెలుతురు, చీకటి తేడా మాత్రం మిగిలింది.

అప్పటికి గ్రేస్ పెళ్ళయి సూర్యాపేటలో నర్సుగా చేస్తోంది. ఎలీశమ్మ హాస్టల్‌కు పోతే మత్తయి కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, మెయిన్ రోడ్డు మీద బస్సులు వినేవాడు. ఇంజను చప్పుడును బట్టి ఏ డిపో బండో చెప్పేవాడు. "గీ బండికి గేరు పడ్తలేదు, ఎవడో కొత్త పిలగాడు" అని నవ్వుకునేవాడు. ఎలీశమ్మ మాటలు మాత్రం ఇప్పుడు ఆయనను చేరడం లేదు. ఆమె ఎంత చెప్పినా "ఊఁ" అనడం మానేశాడు.

అవి తెలంగాణ కోసం రోజూ ఏదో ఒక ఊరేగింపు సాగుతున్న రోజులు. మత్తయి జై తెలంగాణ మనిషి. యూనియన్ మీటింగులకు ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ వెళ్ళినవాడు. ఎండాకాలం చివర్లో రోడ్ల మీద వంటావార్పు అని పిలుపొచ్చినప్పుడు, ఎలీశమ్మ హాస్టల్ నుంచి పెద్ద గరిటె తెచ్చుకుని ఎల్బీ నగర్ చౌరస్తాలో పప్పుచారు కాచింది. మత్తయి పక్కన కూర్చుని చింతపండు పిసికాడు. జనంలో బాపిరాజు కూడా కనిపించాడు. దుకాణం మూసి, ఊరికే చూద్దామని వచ్చాడట. ఎలీశమ్మ పిలిచి విస్తరాకు చేతికిచ్చింది.

"రాష్ట్రం సంగతి నాకు తెలీదు గానండీ అక్కగారూ, చారు మాత్రం అమృతంలా ఉంది" అన్నాడు బాపిరాజు, నిలబడే తింటూ.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. కొద్ది రోజులకు ఆర్టీసీ కూడా చేరింది. బస్సులు ఆగిపోయాయి. మొదటి రెండు మూడు రోజులు మత్తయి పొంగిపోయాడు. "ఒక్క బండి కదుల్తలేదు చూడు! మనోళ్ళు మనోళ్ళే!" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. తరవాత నెమ్మదిగా ఆ నిశ్శబ్దం ఆయన మీదే పడింది. కిటికీ దగ్గర కూర్చుంటే వినడానికి ఏమీ లేదు. ఆటోలు, మోటారు సైకిళ్ళు తప్ప ఆయనకు పేరు తెలిసిన చప్పుడు ఒక్కటీ లేదు. కంచంలో అన్నం అలాగే మిగులుతోంది. ఎండ ఎక్కినా మంచం దిగడం లేదు.

కోచింగ్ సెంటర్లు మూతపడి, హాస్టల్ పిల్లలు దొరికిన బండి పట్టుకుని ఊళ్ళకు పోయారు. ఎలీశమ్మకూ పని లేకపోయింది. ఇంట్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవారు. ఆమె మాట్లాడేది. ఆయన గోడ వైపు తిరిగి ఉండేవాడు.

అలాంటి ఒక పొద్దున బాపిరాజు స్కూటరు మీద ఒక అట్టపెట్టె కట్టుకుని వచ్చాడు.

"మత్తయి గారూ, మీరో సాయం చెయ్యాలి" అన్నాడు చెప్పులు విప్పుతూనే. "దుకాణం మూసే ఉంటోంది. మా వీధిలో ఎవరూ ఏమీ అన్లేదు, అది అబద్ధం చెప్పకూడదు. కానీ ఆంధ్రావాళ్ళమని మా ఆవిడ భయపడుతోందండీ. ఖరీదైన సామాను ఒక్కచోటే ఉంచొద్దంటోంది. ఈ కొత్త మిషను మీ ఇంట్లో పెడతాను."

"పెట్టు తమ్మీ. గదేమన్న అడుగుడా?" అన్నాడు మత్తయి. ఆగి, "నువ్వు భయపడకు. ఎవడన్న ఏమన్న అంటే నాతాన్కి రా" అన్నాడు.

"మీ దగ్గరికేగా వచ్చాను" అన్నాడు బాపిరాజు. పెట్టె విప్పి, అడక్కుండానే తీగలు తీసి టీవీకి తగిలించడం మొదలుపెట్టాడు. "ఇంకోటండీ. మన ఆట మళ్ళీ వచ్చింది. సెవెన్ లాంతర్న్స్. ఈసారి మొత్తం కొత్తగా కట్టారు. పడవ ముసలాయన కూడా ఉన్నాడు."

 "గుడ్డోని ముంగట ఆట పెడ్తవా రాజూ?" అన్నాడు మత్తయి.

"కళ్ళకోసం కాదండీ, చెవులకోసం. ఒక్కసారి వినండి."

బాపిరాజు ఆట నడిపే రిమోటు తిప్పాడు. టీవీలోంచి గాలి వీచింది. ఎండుటాకుల మీద అడుగులు పడ్డాయి. అడుగులు ఇసుకలోకి దిగాయి, చెక్క మెట్లు ఎక్కాయి. ఎడమ పక్క ఎక్కడో గిలక కిర్రుమంది. మత్తయి తల అటు తిరిగింది.

"నీళ్ళు చేదుతున్నరు" అన్నాడు.

ఆ సాయంత్రం బాపిరాజు వెళ్ళిపోయాక ఎలీశమ్మ రిమోటు చేతిలోకి తీసుకుంది. గరిటె పట్టుకున్నట్టే పట్టుకుంది. మొదట్లో ఆ పిల్లను గోడలకు గుద్దించింది, నూతిలో పడేసింది, మేకల మందలో ఇరికించింది. మత్తయి పక్కన కూర్చుని, పాత కాసెట్ లెక్కన దారి చెప్పేవాడు.

"ఎడమకు పో. బావి ఒస్తది."

"బావి లేదయ్యా. గొర్ల దొడ్డి ఉన్నది."

"గొర్ల దొడ్డా? బావిని ఎటు తీస్కపోయిండ్రు?"

"కుడి దిక్కు పెట్టిండ్రు. పెద్ద చెట్టు గూడ నాటిండ్రు."

"చెట్టెందుకు? నీళ్ళల్ల ఆకులు పడ్తయ్."

మత్తయి ఆటలో ఎప్పుడూ గమ్యం చూసుకుని నడిచినవాడు. ఎలీశమ్మ అలా కాదు. దారిలో కనిపించిన ప్రతి ముసలమ్మ దగ్గరా, ప్రతి దుకాణం దగ్గరా ఆగేది. వాళ్ళు ఇంగ్లిష్‌లో మాట్లాడేవారు, కింద అక్షరాలు పడేవి. ఎలీశమ్మకు ఇంగ్లిష్ రాదు. కానీ వాళ్ళ చేతులు, మొహాలు చూసేది.

"ఏమంటుందే ఆమె?" అని మత్తయి అడిగాడు.

ఎలీశమ్మ ముసలమ్మ చేతులు ఇంకోసారి చూసింది. "కోడలు ఉప్పు డబ్బా దాచిపెట్టిందంట" అంది. "కందిలి పెట్టక రెండు నెలలాయె, చీకట్ల ఎట్ల ఎతకాలె బిడ్డా అంటుంది. గీ పిల్ల ఏమంటదంటే, అవ్వా, కందిలి నేను ముట్టిస్త, ఉప్పు సంగతి నువ్వూ నీ కోడలూ చూస్కోండ్రి అంటుంది."

మత్తయి నవ్వాడు. కడుపు కదిలేలా నవ్వాడు. కళ్ళు పోయిన తరవాత ఆయన అలా నవ్వడం అదే మొదలు. ఎలీశమ్మ చీర కొంగుతో మొహం తుడుచుకుని, పిల్లను తరవాతి ఇంటికి నడిపించింది.

రోజులు అలా గడిచాయి. సమ్మెలో బొగ్గు కూడా ఆగిందని కరెంటు కోత ఎక్కువైంది. కరెంటు పోయినప్పుడల్లా పాత ఆటలో ఆ ఊళ్ళు ఎలా ఉండేవో మత్తయి చెప్పేవాడు, వచ్చాక ఎలీశమ్మ కొత్త ఆట చెప్పేది. అక్కడ అట్ల లేదు, ఇక్కడ ఇట్ల ఉన్నదని కంచాల ముందు కూడా అదే ముచ్చట. అన్నం అడిగి పెట్టించుకునేవాడు. బతుకమ్మ రోజుల్లో వీధిలో ఆడవాళ్ళు పాడుతుంటే టీవీ చప్పుడు తగ్గించి, ఆ పాటలు విని, మళ్ళీ ఆటలోకి వచ్చేవారు.

అక్టోబరు మధ్యలో ఆర్టీసీ సమ్మె ఆగింది. పొద్దున్నే రోడ్డు మీద మొదటి బస్సు వినగానే మత్తయి లేచి కూర్చుని, "హయత్‌నగర్ బండి" అన్నాడు. హాస్టల్ నుంచి ఎలీశమ్మకు కబురొచ్చింది. దుకాణం తెరుస్తున్నానని, మిషను తీసుకుపోవడానికి ఆ మధ్యాహ్నం బాపిరాజు వచ్చాడు.

అప్పుడు ఆటలో పిల్ల నది దగ్గర ఉంది.

"జర కూచో తమ్మీ. పడవ ఒచ్చింది" అన్నాడు మత్తయి. బాపిరాజు గుమ్మం పక్కన పీట మీద కూర్చున్నాడు.

పడవ ముసలాయన గొంతు విప్పాడు. పాత కాసెట్‌లో ఆయనకు గొంతు లేదు, నాలుగు అక్షరాలే. ఇప్పుడు బొంగురుగా, నెమ్మదిగా ఇంగ్లిష్‌లో ఏదో అంటున్నాడు. ఎలీశమ్మ ఆయన వెనకే తన మాట కలిపింది. "పైలంగ కూచో బిడ్డా, అంచుకు రాకు అంటున్నడు. నేను ఇంత వయసు దాక ఒక్కర్ని గూడ నీళ్ళల్ల ముంచలే అంటున్నడు. నీకు ఆకలైతే గా మూటల సద్దిరొట్టె ఉన్నది, తిను అంటున్నడు."

ముసలాయన రొట్టె మాటే ఎత్తలేదు. ఆయన అంటున్నది గాలి గురించి, మంచు గురించి. బాపిరాజుకు ఇంగ్లిష్ వచ్చు. ఎలీశమ్మ వైపు ఆశ్చర్యంగా చూశాడు. ఇన్ని రోజులూ ఈవిడ ఆటంతా సొంతంగా చెబుతోందని అప్పుడు అర్థమైంది.

పిల్ల ఒడ్డుకు దిగింది. పడవ వెనక్కు తిరిగింది. పాత అయిదు స్వరాల పాట, ఇప్పుడు వయొలిన్ మీద, సన్నగా మొదలైంది. మంచు దిగింది. తెర మీద పడవ మసకబారి, చిన్నదై, లేకుండా పోయింది. తెల్లని తెర తప్ప ఏమీ లేదు.

ఎలీశమ్మ చేతిలో రిమోటు ఆగిపోయింది. భర్త మొహం చూసింది. ఆయన ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వింటున్నాడు.

"చేరిండు" అంది ఎలీశమ్మ.  "అవతలి ఒడ్డుకు చేరిండయ్యా. తాడు కడుతున్నడు. ఎవరో చిన్న పిల్ల ఉరుక్కుంట ఒచ్చింది, మనుమరాలేమో. చెయ్యి పట్టుకోని ఇంటికి తీస్కపోతుంది."

గదిలో పాట ఒక్కటే వినిపిస్తోంది.

"అవునండీ" అన్నాడు బాపిరాజు. "ఇంట్లో దీపం కూడా వెలిగింది."

మత్తయి "ఊఁ" అన్నాడు.

బాపిరాజు ఆ రోజు మిషను తీసుకుపోలేదు. ఆట పూర్తయ్యాకే తీసుకుంటానని లేచాడు. గల్లీ చివరిదాకా వస్తానని, స్కూటరు తోసుకుంటూ నడుస్తున్న ఆయన భుజం మీద చెయ్యి వేసి మత్తయి బయల్దేరాడు. మూల మీద వేపచెట్టు దగ్గర ఆగాడు.

"ముసలాయన చేరలేదు గదా?" అన్నాడు.

బాపిరాజు గతుక్కుమన్నాడు. "అదేంటండీ..."

"పాట అదే. మొదటి కాసెట్ల పడవ పోయినప్పుడు ఒచ్చే పాట. ఎన్నిసార్లు విన్ననో నీకు తెల్వదా?" మత్తయి మొహంలో కోపం లేదు. "ఇంగ్లిష్ గూడ జరజర సమజైతది. ఉప్పు డబ్బా లేదు, సద్దిరొట్టె లేదు. మొదటి దినమే తెలిసింది."

"మరి ఆవిడకి చెప్పలేదా?"

"ఎందుకు చెప్పాలె? ఇన్నేండ్లు ఆయనను ఎవరూ ఒడ్డుకు తేలే. కాసెట్టోడు తేలే, సీడీవోడు మనిషినే తీసేసిండు, గీ కొత్తోడు గొంతు పెట్టి మళ్ళ ముంచిండు. మా ఎలీశమ్మ తెచ్చింది." భుజం మీద చెయ్యి కొంచెం బిగిసింది. "నువ్వు గూడ చెప్పకు తమ్మీ."

బాపిరాజు తల ఊపాడు. తల ఊపితే ఆయనకు కనపడదని గుర్తొచ్చి, "చెప్పనండీ" అన్నాడు. మత్తయి గోడ పట్టుకుని అలవాటైన దారిలో ఇంటికి మళ్ళాక స్కూటరు స్టార్టు చేశాడు.

ఏడో కందిలి వెలిగిన రోజు ఎలీశమ్మ హాస్టల్ నుంచి సేమ్యా పాయసం తెచ్చింది. మిషను బాపిరాజు దుకాణానికి తిరిగి వెళ్ళింది. ఆమె వంటగదిలో ఆ కథ మాత్రం చాలా రోజులు నడిచింది. బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలు గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడి, "ఆంటీ, పడవ తాత ఏమయ్యిండు?" అని అడిగేవారు.

రాష్ట్రం వచ్చిన ఏడాది గ్రేస్ సెలవు పెట్టి వచ్చింది. బాపిరాజు ఎక్కడికీ పోలేదు. దుకాణంలో ఇప్పుడు ఎక్కువగా ఫోన్లు బాగుచేస్తున్నాడు. సెల్‌ఫోన్‌లోకి పాత ఆటను ఉన్నది ఉన్నట్టు, ఆ నల్ల ఆకాశంతోనే తెచ్చారని ఆయనే గ్రేస్‌కు చెప్పి, ఫోన్‌లో ఎక్కించి ఇచ్చాడు.

"అమ్మా, నాయిన ఆడిన మొదటి ఆట ఇదే. చూస్తవా?" అంది గ్రేస్.

ఎలీశమ్మ కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. ఆ రోజుల్లో వంటింట్లోంచి దెప్పిందే తప్ప ఆ కాసెట్‌ను దగ్గరగా చూసింది లేదు. గ్రేస్ ఆడుతూ ఒక్కో మాటా తెలుగులో చదివి చెప్పింది. మత్తయి మంచం మీద కూర్చుని వింటున్నాడు. నది వచ్చింది. పడవ వచ్చింది. పిల్ల దిగింది. పాట మొదలైంది, అదే పాట, టిక్కు టిక్కుమని అయిదు స్వరాలు. చింతగింజంత పడవ నల్లటి నీళ్ళలో నాలుగు చుక్కలై, రెండై, పోయింది.

"పాపం, మునిగిపోయిండు" అంది గ్రేస్. "ఇందుల అంతే."

ఎలీశమ్మ కళ్ళజోడు తీసింది. మంచం వైపు తిరిగింది.

"నీకు ముందే ఎరుకనా?"

మత్తయి మంచం మీద దుప్పటి సర్దుకున్నాడు.

"నేను తాడు కట్టిండని, మనుమరాలొచ్చిందని చెప్తుంటే ఊఁ అంటివి గదయ్యా!"

"మంచిగ చెప్తుంటివి" అన్నాడు మత్తయి. "మధ్యల ఆపబుద్ధి కాలే."

ఎలీశమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి, అవసరం లేకపోయినా పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. గ్రేస్ వెనకాలే వచ్చి, ఏమైందని అడిగింది. జరిగిందంతా చెప్పేసరికి నీళ్ళు సగం ఇగిరిపోయాయి. గ్రేస్ అమ్మ భుజం మీద గడ్డం ఆనించి నిలబడింది. "నాకు గూడ ఒకసారి మొదటి నుంచి చెప్పు. ఉప్పు డబ్బా ముసలమ్మ కాడికెల్లి" అంది.

మర్నాడు అందరూ కలిసి సూర్యాపేట బయల్దేరారు. ఎల్బీ నగర్‌లో బస్సు ఎక్కారు. గ్రేస్ ముందు సీట్లో కూర్చుంది. మత్తయి ఇంజను మీదికి చెవి పెట్టి, బండి మంచిదే అని తీర్పు చెప్పి, కిటికీ పక్కన భార్యను కూర్చోబెట్టి ఇవతల కూర్చున్నాడు. ఆ రోడ్డు మీద ఆయన ఎన్నో ఏళ్ళు బస్సు నడిపాడు. ఎలీశమ్మ బయట కనిపించినదల్లా చెప్పడం మొదలుపెట్టింది. కొత్త ఇళ్ళు, పెట్రోలు బంకులు, రోడ్డు పక్కన మక్క కంకులు కాల్చే ఆడమనిషి. చౌటుప్పల్ దాటింది.

"చెరువు నిండింది" అంది ఎలీశమ్మ. "బాతులు గూడ ఉన్నయ్."

ఆ చెరువు కుడి పక్కన ఉంటుందని మత్తయికి తెలుసు. వాళ్ళు కూర్చున్నది ఎడమ పక్క.

"తెల్లయా, నల్లయా?" అని అడిగాడు మత్తయి.